చంద్రునిపై ఛాయాచిత్రములు: వాదమా, వితండమా?

సంశయము దోషము కాదు. గౌతముని న్యాయశాస్త్రము తత్త్వజ్ఞానమునకు ఆవశ్యకములని పేర్కొన్న పదునారు పదార్థములలో సంశయమునకు మూడవ స్థానము కలదు. సందేహము పుట్టనిచోట విచారణకు తావు లేదు. విచారణ లేనిచోట నిర్ణయము లేదు. అయితే ఆ శాస్త్రమే, సందేహించువారు మాటలాడుకొను తీరును మూడు విధములుగా విభజించినది. సత్యము తెలిసికొనగోరి ఇరుపక్షములవారు ప్రమాణములతో మాటలాడుకొన్నచో అది వాదము. గెలుపే పరమావధి అయినచో అది జల్పము. తనదంటూ ఒక సిద్ధాంతమును నిలుపక, ఎదుటివాని మాటను ఖండించుటయే పనిగా పెట్టుకొన్నచో అది వితండము. చంద్రునిపై మానవుడు దిగినట్లు చూపు ఛాయాచిత్రములు నిజమైనవా, కల్పితములా అను చర్చ అర్ధశతాబ్దముగా లోకములో సాగుచున్నది. అది ఈ మూడింటిలో ఏ కోవకు చెందునో పరిశీలించుట మన విద్యార్థులకు మేలు చేయును.

మన కాలమానము ప్రకారము 1969 జూలై 21వ తేదీ ఉదయము నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ చంద్రునిపై కాలు మోపినాడు. కొద్ది నిమిషములకు బజ్ ఆల్డ్రిన్ ఆయనను కలిసికొన్నాడు. మైఖేల్ కాలిన్స్ పైన కక్ష్యలో తిరుగుచుండెను. 1972 డిసెంబరు నాటికి మొత్తము 6 యాత్రలలో 12 మంది ఆ నేలపై నడిచినారు. 1969 నాటికి మన దేశమున టెలివిజను ఢిల్లీని దాటి రాలేదు. తెలుగువారు ఆ వార్తను రేడియోలో విన్నారు. ఆ దృశ్యమును పత్రికలలో అచ్చయిన ఛాయాచిత్రములలో చూచినారు. అనగా ఆ తరము తెలుగువారికి ఈ విషయమున కంటికి ఆనిన సాక్ష్యము ఈ బొమ్మలే. వాటి ప్రామాణ్యమును ప్రశ్నించుట అసంగతము కానేకాదు.

ప్రశ్నించినవారు అమెరికాలోనే బయలుదేరినారు. 1976లో బిల్ కేసింగ్ అను ఆయన, మనము చంద్రునికి పోనేలేదని ఒక పుస్తకము ప్రకటించినాడు. 2001లో అచ్చటి ఒక టెలివిజను సంస్థ ఇదే విషయముపై ప్రసారము చేసిన కార్యక్రమము ఈ సందేహములను ఇంటింటికి చేర్చినది. నేడు అవి చేతిలోని ఫోనుద్వారా మన పల్లెల పాఠశాలలకును వచ్చినవి. విద్యార్థి లేచి, “అది నిజమేనా మాస్టారూ?” అని అడిగినప్పుడు ఉపాధ్యాయునికి రెండు సులభమార్గములు కలవు. ఒకటి గద్దించి కూర్చోబెట్టుట. రెండవది నవ్వి ఊరకుండుట. రెండును ఆ ప్రశ్నకు సమాధానములు కావు.

పూర్వపక్షము

ఎదుటివాని మతమును అతనికంటె బాగుగా చెప్పి, ఆ పిమ్మటనే ఖండించుట మన శాస్త్రకారుల మర్యాద. కావున ముందు ఆక్షేపణలను వరుసగా చెప్పుకొందము. ఆకాశము నల్లగా ఉన్నది గదా, అందు ఒక్క నక్షత్రమైనను కనబడదేమి? గాలి లేనిచోట జెండా రెపరెపలాడినట్లు ముడతలు పడి ఉన్నదేమి? సూర్యుడొక్కడే వెలుగైనప్పుడు నీడలు సమాంతరముగా ఉండవలెను గదా, అవి వేర్వేరు దిక్కులకు ఒరిగినవేమి? నీడలో నిలిచిన మనిషి కటికచీకటిలో మునుగక స్పష్టముగా కనబడుటెట్లు? చిత్రములపై కనబడు సన్నని గుర్తుగీతలు కొన్నిచోట్ల వస్తువుల వెనుకకు పోయినట్లున్నవి, ఇది అతికించిన బొమ్మ కాదా? ఒక రాతిపై ఆంగ్లమున ‘సీ’ అను అక్షరము కనబడుచున్నది, అది రంగస్థలసామగ్రికి వేసిన గుర్తు కాదా?

ఈ ప్రశ్నలలో వెక్కిరింపదగినది ఒక్కటియు లేదు. ప్రతి ప్రశ్న వెనుక భూమిపై మనము నిత్యము చూచు అనుభవము ఉన్నది. చిక్కు అంతయు అక్కడనే. గాలియున్న లోకపు అలవాటును గాలిలేని లోకమునకు అన్వయించుచున్నాము.

చుక్కలు లేని ఆకాశము

మొదట నక్షత్రముల సంగతి. అపోలో యాత్రికులు అన్ని పర్యాయములును చంద్రునిపై పగటివేళనే దిగినారు. అచ్చట గాలి లేనందున సూర్యకాంతి చెదరి ఆకాశమునకు నీలిమ రాదు. పగలే అయినను ఆకాశము నల్లగా ఉండును. నేల మాత్రము ఎండలో తళతళలాడుచుండును. యాత్రికుల దుస్తులు తెల్లనివి. ఇట్టి వెలుగులో బొమ్మ తీయుటకు కెమెరా కన్ను సెకనులో సుమారు 250వ వంతు కాలము మాత్రమే తెరచుకొన్నది. అంత స్వల్పకాలములో నక్షత్రముల మిణుకు ఫిల్ముపై ముద్ర వేయజాలదు.

ఇది ప్రయోగముచేత తేలు విషయము. రాత్రివేళ వీథిదీపము క్రింద మిత్రుని నిలిపి, అతని ముఖము స్పష్టముగా వచ్చునట్లు బొమ్మ తీయుడు. తలపై ఆకాశములో ఎన్ని చుక్కలు పడినవో లెక్కింపుడు. నక్షత్రములకొరకే ఉద్దేశించిన కెమెరాను చంద్రునిపైకి కొనిపోయినప్పుడు అవియును చిక్కినవి. 1972లో అపోలో 16 యాత్రికులు జార్జ్ కారుథర్స్ రూపొందించిన అతినీలలోహిత కెమెరాను అచ్చట నిలిపి నక్షత్రములను చిత్రించినారు.

మనకు ఇంకను దగ్గరి నిదర్శనము కలదు. 2023 ఆగస్టు 23న మన చంద్రయాన్-3 దక్షిణధ్రువ సమీపమున దిగినది. దాని ప్రజ్ఞాన్ బండి విక్రమ్ వ్యోమనౌకను తీసిన చిత్రములను మనము గర్వముతో చూచినాము. వాటిలోను ఆకాశము నల్లనిదే. చుక్క ఒక్కటియు లేదు. చుక్కలు లేకపోవుట కల్పనకు గుర్తైనచో, శ్రీహరికోటనుండి ఎగిసిన ఆ నౌక చిత్రములును కల్పితములే కావలసివచ్చును. ఒక హేతువును ఒకచోట ఒప్పుకొని మరియొకచోట విడుచుట తర్కము కాదు.

జెండా, నీడలు, ధూళి

జెండా విషయము మరింత సులభము. గాలి లేనిచోట గుడ్డ క్రిందికి వ్రేలాడునని నాసావారికి ముందే తెలియును. అందుచేత జెండా పై అంచున ఒక అడ్డుకడ్డీ అమర్చినారు. అపోలో 11 యాత్రికులు ఆ కడ్డీని పూర్తిగా లాగలేకపోయినారు. గుడ్డ బిగియక ముడతలు నిలిచినవి. ఆల్డ్రిన్ వందనము చేయుచున్నప్పుడు వెంటవెంటనే తీసిన రెండు చిత్రములు కలవు. రెంటిలో ఆయన శరీరపు తీరు మారినది. జెండా ముడతలు మాత్రము మారలేదు. గాలికి ఆడు గుడ్డ అట్లుండునా?

నీడలకు వత్తము. రైలుపట్టాలు సమాంతరములని అందరు ఎరుగుదురు. స్టేషనులో నిలిచి చూచినచో దూరమున అవి కలిసిపోవుచున్నట్లు కనబడును. చిత్రములో నీడలును అంతే. దానికి తోడు నేల ఎగుడుదిగుడైనది. గుంటలో పడిన నీడ ఒక తీరున, దిబ్బపై పడిన నీడ ఒక తీరున వంగును. వేరొక దీపము వెలుగుచున్నచో నీడ దిక్కు మారుటయే కాదు, ఒక్కొక్క వస్తువునకు రెండేసి నీడలు పడవలెను. రాత్రి రెండు దీపముల నడుమ నడచువాడు ఈ సంగతి తన కాళ్లయొద్దనే చూడగలడు. అపోలో చిత్రములలో ఒక వస్తువునకు ఒక్కటే నీడ. అపోలో 11 యాత్రికులు నడచిన వేళ సూర్యుడు దిక్చక్రమునకు సుమారు 14, 15 డిగ్రీల ఎత్తున ఉన్నాడు. ఆ కోణమునకు చదునైన నేలపై నీడ వస్తువు ఎత్తునకు సుమారు 4 రెట్లుండవలెనని పదవతరగతి విద్యార్థి త్రికోణమితితో గణింపగలడు. నీడలోని మనిషి కనబడుటకు కారణము ఎండపడిన నేలయే. వెల్లవేసిన గోడ ఎదుటి చావడికి వెలుగునిచ్చినట్లు, చుట్టునున్న నేల తనపై పడిన కాంతిని తిప్పి పంపినది.

కదలు చిత్రములలో ఇంకను బలమైన సాక్ష్యము కలదు. యాత్రికులు నడపిన బండి చక్రములనుండి లేచిన ధూళి మన మట్టిబాటలోవలె మేఘమై కమ్ముకొనదు. విసిరిన రాయివలె వంపుగీతలో ఎగిరి నేలకు పడును. గాలి లేనిచోట మాత్రమే అట్లు జరుగును. 1971లో అపోలో 15 నాయకుడు డేవిడ్ స్కాట్ సుత్తిని, డేగ ఈకను ఒక్కమారు జారవిడిచినాడు. రెండును ఒక్కమారే నేలను తాకినవి. చంద్రుని ఆకర్షణ భూమి ఆకర్షణలో ఆరవవంతు గనుక అవి పడుటకు భూమిపైకంటె సుమారు రెండున్నర రెట్లు కాలము పట్టవలెను. బొమ్మను మెల్లగా త్రిప్పి చూపినారని అనువారు కాలమును సాగదీయగలరు. ఈకను సుత్తితో సమానముగా పడవేయుటకు మాత్రము గాలిని తీసివేయవలసి యుండును.

మూలప్రతి, ముద్రితప్రతి

ఇక గుర్తుగీతలు, రాతిమీది అక్షరము. ఇచ్చట సాహిత్య విద్యార్థికి అలవాటైన పరిశోధనపద్ధతియే ఉపకరించును. ఒక పద్యము కవిదా, ప్రక్షిప్తమా అను సందేహము కలిగినప్పుడు మనము అంగడిలో దొరకు అచ్చుప్రతిని చూచి తీర్పు చెప్పము. తాళపత్రములను వెదకుదుము, పాఠాంతరములను పోల్చుదుము, లేఖకుని పొరపాటును కవికి అంటగట్టము. సి.పి. బ్రౌన్ వేమన పద్యములకు పలుచోట్లనుండి వ్రాతప్రతులు తెప్పించి సరిచూచిన కథ తెలుగువారికి క్రొత్త కాదు. ఛాయాచిత్రమునకును మూలప్రతి కలదు. అది కెమెరాలో తిరిగిన ఫిల్ము.

స్వీడను దేశపు హాసెల్‌బ్లాడ్ కెమెరాలలో ఫిల్మునకు ముందు ఒక గాజుపలక అమర్చినారు. దానిపై కొలతకొరకు చెక్కిన సన్నని కూడికగుర్తులే చిత్రములపై కనబడు గీతలు. మిక్కిలి తెల్లని వస్తువు మీద ఆ గీత పడినచోట వెలుగు ఫిల్ముపై ప్రక్కలకు ప్రాకి సన్నని నలుపును మ్రింగివేసినది. కావుననే గీత మాయమైన చోట్లు సాధారణముగా తెల్లని వస్తువులపైననే ఉన్నవి. రాతిమీది ‘సీ’ అపోలో 16 చిత్రపు ఒకానొక నకలులో మాత్రమే కలదు. మూల ఫిల్ములో లేదు. నకలు తీయునప్పుడు పడిన ఒక వెంట్రుకో నూలుపోగో అక్షరమై భాసించినది. త్రాటియందు పామును చూచిన కథ ఇది. చంద్రునిలోని మచ్చయందు కుందేలును చూచి, ఆతనికి శశాంకుడని పేరుపెట్టిన మనకు ఈ భ్రమ అర్థము కాకపోదు.

న్యాయము కొరకు రెండవవైపు సంగతియు చెప్పవలెను. ఆల్డ్రిన్ ముఖకవచములో ఆర్మ్‌స్ట్రాంగ్ ప్రతిబింబము కనబడు సుప్రసిద్ధ చిత్రము, మనము పుస్తకములలో చూచు రూపములో ఫిల్ముపై లేదు. మూలములో అది ఒకవైపునకు ఒరిగి, ఆల్డ్రిన్ వీపుమీది పెట్టె పైభాగము అంచున తెగిపోయి ఉన్నది. ప్రచురణకొరకు దానిని నిలువుగా సరిచేసి, పైన నల్లని ఆకాశమును చేర్చినారు. అట్లే మొదటి యాత్ర టెలివిజను ప్రసారమును మేలైన తీరున పట్టిన మూల టేపులను మరల వాడుకొనుటకై తుడిచివేసినట్లు 2009లో నాసా ఒప్పుకొన్నది. ఇంతటి సంపదను కాపాడుకొనలేకపోవుట నిందార్హమే. కాని అచ్చుప్రతిలో దిద్దుబాటు ఉన్నదన్నంతమాత్రమున కావ్యమే లేదనుట ఎట్లు? ఫిల్ములు హ్యూస్టన్‌లో భద్రముగా ఉన్నవి. వాటి నకళ్లు ఎవరైనను చూచుటకు వీలుగా లోకమునకు అందుబాటులో ఉన్నవి.

ఆ చుట్టలను మొదటినుండి తుదివరకు చూచినవారికి మరియొక విశేషము తోచును. వంకరగా వచ్చినవి, మసకబారినవి, దేనిని తీసినారో తెలియనివి అందు ఎన్నో కలవు. పుస్తకములకెక్కినవి వాటినుండి ఏరినవి మాత్రమే. అన్నిటికంటె వింత, చంద్రునిపై మొదట నిలిచిన మానవునికి అచ్చట చెప్పుకోదగిన ఛాయాచిత్రము లేకపోవుట. కెమెరా ఎక్కువసేపు ఆర్మ్‌స్ట్రాంగ్ చేతిలోనే ఉన్నందున చిత్రములు ఆల్డ్రిన్‌వి. ఆర్మ్‌స్ట్రాంగ్ ఏదో మూల, వెనుదిరిగి, లేదా ప్రతిబింబముగా మాత్రమే కనబడును. కథ అల్లువాడు కథానాయకుని మరచునా? కల్పనలో ఇట్టి లోపముండదు, జీవితములో ఉండును.

బయటి సాక్ష్యము

అంతస్సాక్ష్యము తరువాత బహిస్సాక్ష్యము. 2008లో జపానువారి కగుయా నౌక పైనుండి కొలిచిన ఎత్తుపల్లములతో అపోలో 15 దిగినచోటి దృశ్యమును తిరిగి నిర్మించి చూడగా, అది 1971 నాటి ఛాయాచిత్రములలోని కొండల తీరుతో సరిపోయినది. 2009నుండి అమెరికావారి పరిశోధకనౌక ఆ ఆరు చోట్లను చిత్రించినది. విడిచివచ్చిన నౌకల అడుగుభాగములు, యాత్రికులు నడచిన బాటలు అందు కనబడుచున్నవి. అది స్వపక్షసాక్ష్యమని కాదనువారికి మన సాక్ష్యము కలదు. శ్రీహరికోటనుండి 2019 జూలై 22న బయలుదేరిన చంద్రయాన్-2 కక్ష్యలోనుండి 2021లో అపోలో 11 దిగినచోటును చిత్రించినది. ఆ నౌక అడుగుభాగము అచ్చటనే ఉన్నది.

ఇచ్చట ఒక జాగ్రత్త చెప్పవలెను. మంచిపక్షమును సమర్థించువారును దుర్బలమైన హేతువును చూపరాదు. చంద్రునిపై అపోలో యాత్రికులు ఉంచిన అద్దములనుండి లేజరు కాంతి నేటికిని తిరిగి వచ్చుచున్నదని, కావున మానవుడు అచ్చటికి పోయినాడని కొందరు వాదింతురు. కాంతి తిరిగివచ్చుట నిజము. కాని రష్యావారు మనుష్యులు లేకయే పంపిన లునోఖోద్ బండ్లమీదను అట్టి అద్దములు కలవు. మానవుడు లేనిచోటను ఉండు హేతువు మానవుని సాధింపలేదు. దానినే మనవారు సవ్యభిచారమన్నారు. అద్దములకు తోడు 382 కిలోల రాళ్లు, మట్టి ఉన్నప్పుడు వాదము బలపడును. యంత్రములతో మాత్రమే పనిచేసిన రష్యావారు 3 యాత్రలలో తేగలిగినది సుమారు 300 గ్రాములు.

ఆ రష్యావారి మౌనము వేరొక సాక్ష్యము. అపోలో 11 దిగినప్పుడు వారి లూనా 15 నౌక చంద్రుని చుట్టు తిరుగుచుండెను. మరునాడు అది అచ్చటనే కూలిపోయినది. ప్రత్యర్థి మోసమును బయటపెట్టు అవకాశము, అందుకు తగిన సాధనములు, కావలసినంత పగ ఉన్న దేశము నోరు మెదపలేదు.

నిర్ణయము

ఇంత చెప్పిన తరువాతను “నిప్పు లేనిదే పొగ రాదు గదా” అనువారుందురు. పొగను చూచి నిప్పును ఊహించుట సరియే. కాని పొగమంచును పొగ అనుకొని నిప్పును ఊహించుట మన తర్కగ్రంథములు పేర్కొన్న తప్పులలో ఒకటి. చూచినది పొగయేనా అని ముందు తేల్చుకొనవలెను.

ఈ చర్చలో తరచు జరుగుచున్నది ఏమనగా, ఒక ఆక్షేపణకు సమాధానము వచ్చిన వెంటనే దానిని విడిచి మరియొకదానికి దుముకుట. చుక్కల సంగతి తేలగానే జెండా, జెండా తేలగానే నీడలు. కల్పన అయినచో దానిని ఎచ్చట చేసినారు, గాలిలేని అంత విశాలమైన రంగస్థలమును ఎట్లు నిర్మించినారు, ఆరుమార్లు చేసినను జాడ ఎట్లు పొక్కలేదు అను ప్రశ్నలకు వారు తమ సిద్ధాంతమును నిలిపి సమాధానము చెప్పరు. ప్రశ్నించుట వారి హక్కు. జవాబు చెప్పుట మాత్రము ఎదుటివాని బాధ్యత. ఇదియే వితండము.

ఇది చంద్రునితో ముగియు సంగతి అయినచో ఇంత ప్రయాస అక్కరలేదు. నేడు యంత్రము క్షణములో లేని మనిషిని ఉన్నట్లు, జరుగని సంఘటనను జరిగినట్లు చిత్రించి ఇచ్చుచున్నది. అట్టి బొమ్మలు మన విద్యార్థుల కన్నులముందు ప్రతిదినము తిరుగుచున్నవి. అన్నిటిని నమ్మువాడు మోసపోవును. ఆ సంగతి అందరు ఎరిగినదే. అన్నియు అబద్ధమే అనువాడును మోసపోవుచున్నాడు. రేపు నిజమైన అన్యాయమునకు నిజమైన ఛాయాచిత్రము సాక్ష్యముగా వచ్చినప్పుడు అతడు దానినికూడ కల్పితమని త్రోసివేయును. అప్పుడు లాభపడువాడు అన్యాయము చేసినవాడే.

కావున ఉపాధ్యాయులకు నా మనవి ఇది. ఆ ప్రశ్న అడిగిన విద్యార్థిని గద్దింపకుడు. ఆతనిని కొనిపోయి వీథిదీపము క్రింద బొమ్మ తీయింపుడు. సాయంకాలము మైదానములో కఱ్ఱ పాతించి నీడ కొలిపింపుడు. ఒకే చిత్రపు మూలమును, పుస్తకములోని అచ్చును ప్రక్కప్రక్కన పెట్టి తేడాలు వ్రాయింపుడు. అంతకుముందు ఒక్క మాట అడుగుడు: “నాయనా, ఏ సాక్ష్యము చూపినచో నీవు ఒప్పుకొందువు?” ఈ ప్రశ్నకు జవాబు చెప్పినవాడు వాదమునకు సిద్ధమైనవాడు. ఆతని సందేహమును ఆదరింపవలెను. తేలువరకు ఆతనితో నడువవలెను.